ఆఖరి రోజు పోర్టల్ జోలికి పోకే, బుజ్జీ

బుజ్జీ,

నువ్వు ఏఎన్‌ఆర్‌ఎఫ్‌కి, అదే పరిశోధనలకి డబ్బిచ్చే కేంద్ర సంస్థకి, ప్రపోజల్ పెడుతున్నావని, అదీ మన కోరింగ మడ అడవుల మీదేనని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. ఎంత సంబరమేసిందో! వేసవి సెలవుల్లో మా ఇంటికొచ్చి ఎండు మొక్కలు అతికించిన నా హెర్బేరియం షీట్లన్నీ మంచం మీద పరిచేసి, నా చేత తిట్లు తిని, మళ్లీ వరసగా సర్దిపెట్టిన పిల్లవి. బాటనీ వాళ్లింట్లో మైక్రోబయాలజీ పిల్ల ఎలా పుట్టిందని మీ పెదనాన్న ఇప్పటికీ వేళాకోళం చేస్తారు గానీ, నిన్నటి నుంచి వచ్చిన ప్రతివాళ్లకీ ఈ కబురు చెబుతున్నది ఆయనే.

అంతా విని, లాస్ట్ డేట్ ఎప్పుడే అనడిగితే మీ అమ్మ "ఇంకా బోలెడు టైముందట అక్కా, ఆఖరి రోజు సాయంత్రం దాకా అప్‌లోడ్ చేసుకోవచ్చట" అంది. నా గుండెల్లో రాయి పడింది. ఆ మాట నువ్వే అన్నావో, మీ అమ్మ కల్పించిందో నాకు తెలియదు. నువ్వే అనుంటే మాత్రం తిట్లకి సిద్ధంగా ఉండు.

సైన్సు గురించి నీకు నేను చెప్పేదేమీ లేదు. ప్రపోజల్స్ పిలుస్తూ వాళ్లు వేసిన కాల్ డాక్యుమెంటు మొత్తం చదువు, వాళ్లిచ్చిన ఫార్మాట్ మార్చకు, పేజీల లిమిట్ దాటకు. ఇవి అందరూ చెప్పేవే.

ఆఖరి రోజు పోర్టల్ ఎలా ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పరు. తిరుమల మూడొందల రూపాయల దర్శనం టికెట్లు వదిలిన పొద్దున మీ నాన్న ల్యాప్‌టాప్ ముందు పడే అవస్థ చూశావుగా, అచ్చం అదే. కాకపోతే అక్కడ తలుపు తీసేటప్పుడు రద్దీ, ఇక్కడ మూసేటప్పుడు. సర్వర్ ఒక్కసారికి ఇంతమందితోనే మాట్లాడగలదు. నెట్ నెమ్మదిగా ఉన్న ఊరి నుంచి ఒకాయన పెద్ద పీడీఎఫ్ ఎక్కిస్తుంటే అది పూర్తయ్యేదాకా ఆ దారి ఖాళీ అవదు, వెనకున్నవాళ్లు ఆగాలి, ఆగలేనివాళ్లు రిఫ్రెష్ కొడతారు, కొట్టిన ప్రతిసారీ సర్వర్ నెత్తిన ఇంకో మూట. ఓటీపీ మెయిళ్లు కూడా క్యూలో ఉంటాయి, అది వచ్చేసరికి దాని గడువే అయిపోతుంది. ఈలోగా సెషన్ ఎక్స్‌పైర్ అని వస్తుంది, బాక్సులో టైపు చేసిందంతా పోతుంది. అందుకని ఏదీ నేరుగా పోర్టల్లో టైపు చెయ్యకు. వర్డ్‌లో రాసుకుని తెచ్చి అతికించు, అతికించాక బీటా, మైక్రో లాంటి గుర్తులు ప్రశ్నార్థకాలుగా మారాయేమో ఒక్కసారి చూసుకో. ఒకే లాగిన్‌తో రెండు ట్యాబులు తెరవకు.

నువ్వు అమెరికాలో పోస్ట్‌డాక్ చేసొచ్చావు చూడు, నాకు ఆ అలవాటంటేనే భయం. అక్కడ రీసెర్చ్‌కి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థలు ఎన్‌ఐహెచ్‌కైనా ఎన్‌ఎస్‌ఎఫ్‌కైనా ప్రపోజల్ పంపేది యూనివర్సిటీ గ్రాంట్స్ ఆఫీసు. డెడ్‌లైన్‌కి కొన్ని పనిదినాల ముందే ఇచ్చెయ్యమని ప్రొఫెసర్ల వెంట పడేదీ వాళ్లే. (అంత పద్ధతిగా ఉండే చోట కూడా 2009లో గొడవైంది. మాంద్యం నుంచి గట్టెక్కడానికి రికవరీ యాక్ట్ డబ్బు వదిలేసరికి అక్కడి గ్రాంట్ల పోర్టల్ గ్రాంట్స్.గవ్ మీద దరఖాస్తులు విరుచుకుపడ్డాయి, అది కూలిపోతుందేమోనని ఆ మార్చిలో వైట్‌హౌస్ బడ్జెట్ ఆఫీసే వేరే దారులు చూసుకోమని ఏజెన్సీలకి మెమో పంపింది. ఒక్క ఎన్‌ఐహెచ్ ఛాలెంజ్ గ్రాంట్లకే 20 వేలకు పైగా వచ్చాయి.) మన స్టేట్ యూనివర్సిటీల్లో నీ వెంట ఎవరూ పడరు, నువ్వే అందరి వెంటా పడాలి.

అందులో మొదటిది ఎండార్స్‌మెంట్ లెటర్, అంటే ఈ ప్రాజెక్టుకి మా ఒప్పుదల ఉందని యూనివర్సిటీ ఇచ్చే కాగితం. లెటర్‌హెడ్ మీద సంతకం, సీలు, అంతే కదా అనుకుంటావు. నువ్వు లెటర్ పెడితే హెచ్‌ఓడీ ఫార్వర్డ్ చెయ్యాలి, ప్రిన్సిపాల్ ఆఫీసులో ఇన్‌వార్డ్ నంబరు పడాలి, అక్కడ నుంచి రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లాలి, ఫైలు ఒక్కో టేబుల్ దగ్గర ఒక్కో రాత్రి నిద్ర చేస్తుంది. రిజిస్ట్రార్‌గారు కోర్టు పని మీద అమరావతి వెళ్తే అయిపోయింది. నా సర్వీసంతా చూశాను, ఆఖరి రోజు పోర్టల్ దగ్గర తల బాదుకునేవాళ్లలో ఎక్కువమంది సైన్సు రాయడం ఆలస్యమై అక్కడికి చేరినవాళ్లు కాదు, ఈ ఒక్క కాగితం కోసం ఆగినవాళ్లు. కాబట్టి ప్రపోజల్ రాయడం మొదలుపెట్టిన రోజే, టైటిల్ ఖాయం కాగానే, ఆ ఫైలు కదిలించు. టైటిల్ మళ్లీ మార్చావంటే కొత్త లెటర్ కావాలి, అది గుర్తుపెట్టుకో. సెక్షన్ సూపరింటెండెంట్‌ని పేరు పెట్టి "గారు" అని పిలువు, కాస్త కూర్చుని వాళ్లమ్మాయి చదువు సంగతి అడుగు. ఇది లౌక్యం అనుకుంటే అనుకో. వచ్చిన లెటర్‌ని కలర్లో పెద్ద రిజల్యూషన్‌లో స్కాన్ చెయ్యకు, ఒక్క పేజీకే సైజు లిమిట్ దాటేస్తుంది.

ఇక అసలు చెప్పాలనుకున్నది. మా పక్క డిపార్ట్‌మెంట్‌లో ఒక కుర్రాడు ఉండేవాడు, నీలాగే కొత్తగా చేరినవాడు, నెమ్మదస్తుడు. ఏ పోర్టలో చెప్పను, ఇప్పుడెందుకు. అందరిలా ఆలస్యం చేసే మనిషి కాదు, సంతకాలన్నీ ముందే తెచ్చుకున్నాడు, ఫైళ్లన్నీ ఎక్కించేశాడు, ఫైనల్ సబ్మిట్ ఒక్కటే మిగిలింది. ఆఖరి రోజు పొద్దున ప్రశాంతంగా చివరిసారి చదువుకుంటుంటే బడ్జెట్ టేబుల్లో మూడో ఏడాది కన్స్యూమబుల్స్ దగ్గర ఒక అంకె కింది మొత్తంతో కలవలేదు. చిన్న తేడా. రివ్యూయర్ చూసినా నవ్వి వదిలేసేదే. వీడికి మనసొప్పలేదు. ఆ పోర్టల్లో ఫైలు మార్చాలంటే ముందు పాతది డిలీట్ చెయ్యాలి, తర్వాతే కొత్తది. డిలీట్ వెంటనే అయిపోయింది. కొత్తది ఎక్కలేదు.

నేను ఏదో పని మీద అటు వెళ్తే వాడి గది తలుపు తీసే ఉంది. స్క్రీన్ మీద ఆ గుండ్రం తిరుగుతూనే ఉంది. యూపీఎస్ బీప్ బీప్‌మంటోంది, అదే కారిడార్లో ఇంకో ముగ్గురు అదే వైఫై మీద అదే పోర్టల్ తెరుచుకుని కూర్చున్నారు. ఎవరో ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చారు, ఇంకెవరో బ్రౌజర్ మార్చమన్నారు, బ్రౌజర్ మారిస్తే మళ్లీ లాగిన్, మళ్లీ ఓటీపీ. హెల్ప్‌లైన్‌కి చేస్తే రింగవుతుంది, ఎత్తరు. వాళ్లని మాత్రం ఏమంటాం, దేశమంతా వాళ్లకే చేస్తుంటే. అయిదు దాటగానే సబ్మిట్ బటనే కనిపించకుండా పోయింది. వాడు ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు, మౌస్ పక్కకి జరిపి, డ్రాయర్లోంచి ఆ సీలు వేసిన ఎండార్స్‌మెంట్ లెటర్ తీసి మడత పడకుండా ఫైల్లో పెట్టుకున్నాడు. డేట్ పొడిగిస్తారేమోనని వారం రోజులు వెబ్‌సైట్ చూశాడు. పొడిగించలేదు. ఒక్కోసారి పొడిగిస్తారు, అదే మన కొంప ముంచేది, ఒకసారి పొడిగించారంటే ప్రతిసారీ అదే ఆశ. ఆ ప్రాజెక్టులో జేఆర్‌ఎఫ్‌గా, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోగా, తీసుకుందామనుకున్న అమ్మాయి పరవాడలో ఫార్మా ఉద్యోగానికి వెళ్లిపోయింది. వాడు తర్వాత వేరే గ్రాంటు తెచ్చుకున్నాడులే, బాగానే ఉన్నాడు. నాకే ఆ మధ్యాహ్నం మనసులోంచి పోలేదు.

అందుకని నీ లాస్ట్ డేట్‌కి వారం ముందు తేదీని నీ డేట్‌గా పెట్టుకుని ఆ రోజే ఫైనల్ సబ్మిట్ నొక్కెయ్. నొక్కాక తప్పు కనపడినా సరే, దాని మీద చెయ్యి వెయ్యకు.

మా రోజుల్లో డీఎస్‌టీకి, అంటే ఢిల్లీలోని కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖకి, కాగితాలే పంపేవాళ్లం. కాపీలన్నీ జిరాక్స్ తీసి, స్పైరల్ బైండింగ్ చేయించి, టెక్నాలజీ భవన్, న్యూ మెహ్రౌలీ రోడ్ అని కవరు మీద నేనే రాసి, పొద్దుపోతే రైల్వే స్టేషన్లో ఆర్‌ఎంఎస్ తపాలా కౌంటర్‌కి పరిగెత్తేదాన్ని. మీ పెదనాన్న స్కూటర్ మీద, నేను వెనక ఒళ్లో కట్టలు పెట్టుకుని. పోస్టు ఆలస్యమైనా ముద్ర మీద తేదీ చూపించి ఒక ఉత్తరం రాసుకునే వీలుండేది. పోర్టల్‌కి ఏం చూపిస్తావు? దాని గడియారమే గడియారం. కాల్‌లో ఆఖరి తేదీతో పాటు టైము కూడా చూసుకో, కొన్ని సాయంత్రం అయిదుకే మూసేస్తారు, కొన్ని రాత్రి 11:59కి.

నవ్వుకుంటావేమో గానీ తుపాను సంగతి కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలో తీరం దాటాక కరెంటు లేదు, ఫోన్లు లేవు, నెట్ మాట దేవుడెరుగు. ఆ రోజుల్లో ఏ డెడ్‌లైన్ అయినా ఉన్నవాళ్ల గతేమిటా అని నేను కొవ్వొత్తి పెట్టుకుని ఆలోచించాను. మీ పెదనాన్న మంచినీళ్ల గురించి ఆలోచించారు. అక్టోబరు, నవంబరుల్లో గడువుంటే వారం కూడా చాలదు నీకు, పది రోజులు పెట్టుకో.

సబ్మిట్ అయ్యాక స్టేటస్ చూడు. డ్రాఫ్ట్ అనో ఇన్‌కంప్లీట్ అనో ఉందంటే వెళ్లనట్టే, తెల్ల స్క్రీన్ వస్తే కూడా వెళ్లిందనుకోకు. లాగౌట్ అయి మళ్లీ లాగినై చూడు, రిఫరెన్స్ నంబరు, మెయిలు రెండూ రావాలి. పోర్టల్ తయారుచేసిన పీడీఎఫ్ దించుకుని అన్ని పేజీలూ ఉన్నాయో లేదో తిప్పి చూడు.

రాత్రుళ్లు మేలుకోకు, నీకసలే మైగ్రేన్. మీ ఆయన్ని ఈ నెల వంట చూసుకోమను, నేనన్నానని చెప్పు. బడ్జెట్ పేజీ ముందు నాకు మెయిల్ చెయ్, మీ పెదనాన్న లెక్కలు కూడి పెడతానంటున్నారు, ఆయన కళ్లజోడు కొత్తది.

ప్రేమతో,
పెద్దమ్మ