పొట్ట చర్మం ఆపరేషన్: చీటీ పాడే ముందు బీమా జవాబు చేతికి రానివ్వండి

ప్రశ్న: నాకు 43 ఏళ్లు, విజయవాడలో ప్రైవేటు స్కూల్ టీచర్ని, జీతం 28 వేలు. రెండేళ్లలో 36 కిలోలు తగ్గాను, ఇంకా కొంచెం కొంచెం తగ్గుతున్నాను. హెర్నియాకి రెండు ఆపరేషన్లయ్యాయి, రెండోసారి మెష్ (లోపల కుట్టే వల) వేశారు. ఇప్పుడు పొట్ట చర్మం సంచిలా వేలాడుతోంది, మడత కింద ఒరుసుకుపోయి పుండ్లు పడుతున్నాయి. తీసేయడానికి 3 లక్షల 20 వేలు అన్నారు. మావారి కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉంది. ఇంట్లోవాళ్లు సోకు అంటున్నారు. 5 లక్షల చీటీ, ఇప్పుడు పాడితే 90 వేలు పోతుంది, అయినా పాడేయనా, పాప ఇంజినీరింగ్‌కని దాచిన ఎఫ్‌డీ తీయనా?

జవాబు: పుండ్లు పడే చోట చర్మం తీయించుకోవడం సోకు కాదండీ. ఆ మాట మనసులోంచి తీసేయండి, ఎందుకంటే మీరే సోకు అనుకుంటూ వెళ్తే డాక్టరు కూడా కాగితం మీద అలాగే రాస్తారు, అక్కడే డబ్బు పోతుంది.

మన దేశంలో ఆరోగ్య బీమా పాలసీల్లో అందం కోసం చేసే సర్జరీకి డబ్బు ఇవ్వరు. కానీ ఆ షరతులోనే ఒక మినహాయింపు ఉంది: ఆరోగ్యానికి నేరుగా, వెంటనే ప్రమాదం ఉంటే, అది తొలగించడానికి ఈ చికిత్స అవసరమని చూస్తున్న డాక్టరు రాసిస్తే క్లెయిమ్ పరిశీలించాలి. కాబట్టి ఈ రోజు నుంచే చర్మ డాక్టరు రాసిన మందుల చీటీలు, పూత మందుల బిల్లులు, తేదీతో ఫొటోలు ఒక ఫైల్లో పెట్టండి. హెర్నియా మళ్లీ వచ్చిందేమో సర్జన్ చేత స్కాన్ తీయించి చూపించుకోండి. వచ్చి ఉంటే రెండూ ఒకేసారి చేయొచ్చేమో అడగండి, అప్పుడు హెర్నియా ఖర్చు బీమా కిందికి వస్తుంది, చర్మం ఖర్చు విడిగా బిల్లు వేయమనండి. లేని హెర్నియాని మాత్రం ఉన్నట్టు రాయించుకోవద్దు, ఎవరు సలహా ఇచ్చినా సరే. రేపు నిజంగా అవసరం పడ్డప్పుడు ఆ పాలసీయే చేతికి లేకుండా పోతుంది. మీవారి కంపెనీ పాలసీలో హెర్నియాకి వెయిటింగ్ పీరియడ్ (పాలసీ మొదలయ్యాక కొంతకాలం క్లెయిమ్ ఇవ్వని గడువు) ఉందో లేదో హెచ్‌ఆర్‌ని అడగండి, ఆస్పత్రి ద్వారా ముందస్తు అనుమతికి పంపించి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. కాదంటే ముందు బీమా కంపెనీకి ఫిర్యాదు, 30 రోజుల్లో తేల్చకపోయినా, ఇచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్లండి. అక్కడ ఫీజు లేదు.

మీరు పంపిన ఎస్టిమేట్ ఫొటోలో చివరి లైన్ చూశారా, 'ట్యాక్సులు అదనం' అని? కాస్మెటిక్ సర్జరీగా బిల్లు వేస్తే 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 57,600. మామూలు చికిత్సకి ఆ పన్ను లేదు. దానికి తోడు నెలన్నర పాటు బరువు ఎత్తకూడదు, నీళ్ల బిందె కూడా. జీతం కట్ అయితే 42 వేలు, పనిమనిషికీ పొట్ట బెల్టుకీ మందులకీ ఓ 20 వేలు వేసుకున్నా మొత్తం దాదాపు 4 లక్షల 40 వేలు అవుతుంది. 3 లక్షల 20 వేలు అనుకుని దిగితే మధ్యలో చేబదులు అడగాల్సి వస్తుంది.

చీటీ ఇప్పుడు పాడితే 90 వేలు పోతుందని మీరే రాశారు, మిగతా వాయిదాలు ఎలాగూ కట్టాలి. పాప ఎఫ్‌డీ మాత్రం ముట్టుకోవద్దు, కాలేజీ ఫీజు గడువు మన కోసం ఆగదు. నా మాటల్లా వేసవి సెలవుల దాకా ఆగమనే. బరువు కనీసం ఆరు నెలలు ఒకేచోట నిలిచాక చేయడమే మంచిదని సర్జన్లు కూడా అంటారు, ఇంకా తగ్గుతుండగా చేయిస్తే చర్మం మళ్లీ వదులయ్యే అవకాశం ఉంది. సెలవుల్లో జీతం వస్తుంటే ఆ 42 వేలలో చాలా భాగం మిగులుతుంది, ఎండల్లో బెల్టు చిరాకు పెడుతుంది కానీ భరించొచ్చు. అప్పటికి చీటీ కూడా చివరికొస్తుంది, పాట తక్కువలో తేలుతుంది. ఈలోగా నెలకి 8 వేలు ఆర్‌డీ వేయండి.

ఒక్క విషయంలో ఆగొద్దు. హెర్నియా ఉన్న చోట గడ్డలా ఉబ్బి లోపలికి వెళ్లకపోయినా, నొప్పితో వాంతులైనా అప్పటికప్పుడే ఆస్పత్రికి వెళ్లండి, ఈ లెక్కలన్నీ తర్వాత చూసుకుందాం.