మరిదికి అదే రోజు పన్ను, నాకు ఐదు నెలలా?

ప్రశ్న: నా వయసు 58. పై దవడలో కుడివైపు వెనక రెండు పళ్ల చోట ఇంప్లాంట్లు వేశారు. ఎముక మెత్తగా ఉంది కాబట్టి వాటిపై పెట్టే పళ్ల తొడుగులకు ఐదు నెలలు ఆగాలన్నారు. మా మరిదికి కింద ముందు పళ్లు అదే రోజు పెట్టేశారు. నావి సరిగా కుదరలేదా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: కుదరక కాదమ్మా. ఆయనకు వేసిన చోటు వేరు, మీకు వేసిన చోటు వేరు. కింది దవడ ముందుభాగంలో ఎముక పైపొర మందంగా, గట్టిగా ఉంటుంది. ఇంప్లాంటు అంటే ఎముకలో బిగించే స్క్రూ; దాని మరలు అందులో కరిచి పట్టుకుంటాయి. పై దవడ వెనక పైపొర పలచన, లోపలంతా స్పంజిలా గుల్ల. డ్రిల్లు పెట్టగానే మా చేతికే తెలుస్తుంది: కింద నీళ్లు చిమ్ముతూ ఆగి ఆగి తొలచాలి, పైన ఇట్టే దిగిపోతుంది. అందుకే మెత్తని చోట రంధ్రం కాస్త సన్నగా తొలిచి, ఇంప్లాంటును బిగువుగా దించుతాం. బిగింపు బలం 35 న్యూటన్ సెంటీమీటర్లయినా రాకపోతే అదే రోజు పన్ను పెట్టే సాహసం నేను చేయను. అలాగని మరీ గట్టి ఎముకా వరమేమీ కాదు. రక్తప్రసరణ తక్కువ, డ్రిల్లు వేడికి కణాలు చచ్చిపోతాయి.

మొదటి రోజు పట్టు కేవలం మరల వల్ల వచ్చేది. మూడు నాలుగు వారాలకు అది కొంత సడలుతుంది. పాత ఎముక కరుగుతూ, కొత్తది ఇంకా గట్టిపడని సమయమది. జంతికలు, చెరుకుముక్కలు అటువైపు నమలకండి. తొడుగు వేసే ముందు ఐఎస్‌క్యూ రీడింగు, అంటే ఇంప్లాంటు ఎముకలో ఎంత గట్టిగా నిలిచిందో చెప్పే అంకె, ఎంతో అడగండి. వందలో 70 దాటితే నిశ్చింత. ఎముకల బలానికి మాత్రలో, ఇంజెక్షన్లో వాడుతూ డాక్టరుకు చెప్పకపోయి ఉంటే మాత్రం వెంటనే చెప్పండి.