ఆ నాలుగు బైట్లు ముందు తీసెయ్ బిడ్డా

బిడ్డా,

రాత్రి నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ పొద్దున చాయ్ తాగుతూ చూశాను. టోకెన్ నంబరు, ధర రావాల్సిన చోట డెబ్బైకి పైగా అంకెలున్న సంఖ్య ఒకటి, దాని కింద అలాంటిదే ఇంకొకటి, ఎర్రర్ మాత్రం ఎక్కడా లేదు, లైబ్రరీలోనే బగ్ ఉందేమో మామా అని అడిగావు. లైబ్రరీకి ఏమీ కాలేదు. ఎథీరియం బ్లాక్‌చెయిన్‌లో కాంట్రాక్ట్ (దాని మీద నడిచే ప్రోగ్రామ్) ఫంక్షన్‌ను పిలిచిన ట్రాన్సాక్షన్‌లో ఉన్న డేటా మొత్తం ఎత్తుకొచ్చి, ఎథర్స్ అనే ఆ జావాస్క్రిప్ట్ లైబ్రరీలో బైట్లను విలువలుగా విప్పే ఏబీఐ కోడర్‌కి ఇచ్చేశావు. అందులో మొదటి 4 బైట్లు నీ ఆర్గ్యుమెంట్లు కావు, ఏ ఫంక్షన్‌ను పిలుస్తున్నామో చెప్పే సెలెక్టర్. అది తీయకపోతే వెనకున్నదంతా 4 బైట్లు పక్కకు జరిగిపోతుంది. నీ ఫంక్షన్‌లో రెండూ యూఇంట్256, అంటే మైనస్ లేని 32 బైట్ల సంఖ్యలు, కాబట్టి అది మారుమాట లేకుండా చదివేసింది. మొదటిది అడ్రస్ అయ్యుంటే 20 బైట్లలో పట్టడం లేదని అక్కడే అరిచేది, నీకు రాత్రి నిద్రయినా దక్కేది.

ఒక చిన్న లెక్క అలవాటు చేసుకో. బైట్ల సంఖ్యను 32తో భాగించు. శేషం 4 వస్తే ముందు సెలెక్టర్ ఉన్నట్టే, 0 వస్తే మామూలుగా అది ఫంక్షన్ తిరిగి ఇచ్చిన విలువో, ఈవెంట్ లాగ్‌లోని (కాంట్రాక్ట్ రాసిపెట్టే కబురులోని) డేటానో. నీది 68 బైట్లు, అంటే 4, దాని వెనక రెండు 32లు. ఎథర్స్‌లోనే ఇంటర్‌ఫేస్ అనే దాంట్లో ఉన్న డీకోడ్ ఫంక్షన్ డేటా అనే పద్ధతి వాడితే సెలెక్టర్‌ను అదే సరిచూసి తీసేస్తుంది, ఏబీఐ కోడర్ మాత్రం తీయదు. వియెమ్ అనే ఇంకో లైబ్రరీలో కూడా ఇట్లాగే రెండు వేర్వేరు ఫంక్షన్లు ఉంటాయి, కలిపేసుకోకు.

ఈ సెలెక్టర్ దగ్గర నేను పడ్డ తిప్పలు కూడా విను. కొత్తలో లైబ్రరీ ఎందుకులే అని చేత్తో లెక్కగట్టాను. ఫంక్షన్ పేరు, బ్రాకెట్లలో రకాలు, మధ్యలో ఖాళీ లేకుండా రాసి కెచ్చక్256 హ్యాష్ (డేటా నుంచి లెక్కగట్టే 32 బైట్ల వేలిముద్ర లాంటిది) తీసి మొదటి 4 బైట్లు తీసుకోవాలి, అంతే. నేను యూఇంట్ అని రాశాను. కాంట్రాక్టులు రాసే సాలిడిటీ భాషలో అది నడుస్తుంది కానీ హ్యాష్ తీసేటప్పుడు యూఇంట్256 అనే రాయాలి, ఇంట్లో పిలిచే పేరు పాస్‌బుక్‌లో చెల్లదు కదా. కాంట్రాక్ట్‌కి ఆ సెలెక్టర్ ఎవరిదో తెలియక, కారణం కూడా చెప్పకుండా రివర్ట్ చేస్తూ (పని రద్దు చేసి వెనక్కి పంపుతూ) పోయింది, రెండు రోజులు గోడకు తల కొట్టుకున్నాను.

ఇక అసలు లోపల ఏముందో. కాజీపేటలో గూడ్స్ బండి ఆగినప్పుడు వ్యాగన్లు లెక్కబెట్టేదానివి గుర్తుందా? ఇక్కడ ఒక్కో వ్యాగన్ 32 బైట్లు, సరుకు ఒక్క బైటే అయినా పూర్తి వ్యాగన్ పడుతుంది. యూఇంట్ సంఖ్యలకు, అడ్రస్‌కు సున్నాలు ఎడమ పక్కన చేరతాయి, బైట్స్4 లాంటి ముడి బైట్లకు కుడి పక్కన. స్ట్రింగ్, అంటే అక్షరాల మాట, వచ్చేసరికి పద్ధతి మారుతుంది, ఎందుకంటే అది ఎంత పొడవో ముందే తెలియదు. ఎనుమాముల దగ్గర కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు పెడితే రైతు చేతికి చీటీయే వస్తుంది, బస్తాలు లోపల ఎక్కడో ఉంటాయి, సరిగ్గా అట్లాగే స్ట్రింగ్ ఉండాల్సిన చోట అది ఎన్నో బైటు దగ్గర మొదలవుతుందో చెప్పే చీటీ మాత్రమే ఉంటుంది. ఆ చోటికి పోతే ముందు పొడవు, తర్వాత సరుకు. ఆ లెక్క సెలెక్టర్ తర్వాత నుంచి మొదలుపెట్టాలి, చాలామంది ఇక్కడే జారతారు.

వరంగల్ అనే ఒక్క మాటను ఎన్‌కోడ్ చేసి చూడు. మొదటి వ్యాగన్‌లో 32 అనే చీటీ, రెండో దాంట్లో పొడవు 18, మూడో దాంట్లో ఆ 18 బైట్లు, మిగతా 14 సున్నాలు, మొత్తం 96. కంటికి నాలుగు అక్షరాలే కదా, 18 ఎక్కడిదంటావా? అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు, సున్నకూ పొల్లుకూ కూడా విడిగా లెక్క. హెక్స్‌లో, అంటే 16 ఆధారంగా రాసే అంకెల్లో, ఆ పొడవు 12 అని కనిపిస్తుంది, దాన్ని పన్నెండు అని చదివి కంగారుపడకు.

నేను ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ బైట్లకు తాము సంఖ్యో అడ్రసో తెలియదు. రకాలు నువ్వు చెప్పినవే. తప్పు చెబితే చాలాసార్లు ఎర్రర్ రాదు, నమ్మేట్టుండే తప్పు జవాబు వస్తుంది, అదే భయం. టోకెన్ దశాంశాలు కూడా అంతే: ఎథీరియం సొంత నాణెం ఈథర్‌కి 18, ఎథీరియంలో యూఎస్‌డీటీ అనే డాలర్ టోకెన్‌కి 6, డేటాలో ఆ సంగతి ఎక్కడా ఉండదు. విలువను జావాస్క్రిప్ట్ నంబర్‌లోకి మార్చకు, 9007199254740991 దాటాక చివరి అంకెలు నమ్మలేం, ఒక ఈథర్‌ను దాని అతిచిన్న భాగాలైన వెయ్‌లలోకి మారిస్తేనే దానికంటే పెద్దది. ఎథర్స్ 6లో పెద్ద సంఖ్యల రకం బిగ్ఇంటే వస్తుంది, దాన్ని అట్లాగే ఉంచు, చూపించేటప్పుడు మార్చు.

ఈవెంట్లలో ఇండెక్స్‌డ్ (వెతకడానికి వీలుగా గుర్తుపెట్టిన) స్ట్రింగ్ జోలికి పోకు, టాపిక్ అనే ఆ వెతుకులాట గడిలో దాని హ్యాష్ ఒక్కటే ఉంటుంది, అసలు మాట వెనక్కి రాదు. పొడవులూ ఖాళీలూ లేకుండా బైట్లు ఆనించి రాసే ఎన్‌కోడ్ ప్యాక్డ్ అయితే ఇంకా పైలం: ‘కాజీ’, ‘పేట’ ఇచ్చినా, ‘కాజీపే’, ‘ట’ ఇచ్చినా ఒకే బైట్లు వస్తాయి, అందుకే రెండు స్ట్రింగ్‌లు కలిపి హ్యాష్ తీయాలంటే మామూలు ఎన్‌కోడే వాడు.

ఆదివారం హన్మకొండ వస్తున్నావుగా, మీ అత్త సర్వపిండి చేస్తానంది. వచ్చేటప్పుడు ఆ డేటాను ప్రింట్ తీసుకురా, ముందున్న 0ఎక్స్ తీసేసి, బైటుకు రెండు హెక్స్ అక్షరాలు కాబట్టి మొదటి లైన్‌లో 8 అక్షరాలు, ఆ తర్వాత లైన్‌కి 64 చొప్పున. ల్యాప్‌టాప్ తెరవకుండా పెన్సిల్‌తో ఒకసారి చదివి చూద్దాం.

మామ