టీ బ్రాక్‌కి ఈస్ట్ అక్కర్లేదు, రాత్రి నానబెట్టడమే అసలు పని

మీరు అడిగినవి మూడు. ఎండు పళ్లు వేసి చేసే తియ్య రొట్టెలు రెండున్నాయి కదా, ఐర్లండ్ వాళ్ల బార్మ్‌బ్రాక్ (పొట్టిగా బ్రాక్), వేల్స్ వాళ్ల బారా బ్రిత్, అవి ఒకటేనా? ఈస్ట్ వేయాలా? ఓటీజీలో (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) చేస్తే పైన మాడిపోయి మధ్యలో పచ్చిగా ఎందుకు ఉంటోంది? ఉద్యోగరీత్యా డబ్లిన్‌లో కొన్నేళ్లు ఉన్నాను. మా ఇంటి ఓనరమ్మ చేస్తుంటే పక్కన నిలబడి నేర్చుకున్నాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఓటీజీలోనే చేస్తుంటాను.

ముందు ఈస్ట్ సంగతి. రెండు దేశాల్లోనూ పాతకాలం పద్ధతి ఈస్ట్‌తో పొంగించే రొట్టే. సోడా, బేకింగ్ పౌడర్ లాంటివి వంటింటికి వచ్చాక ఇళ్లలో పని తేలికైంది. 1845లో బ్రిస్టల్‌లో హెన్రీ జోన్స్ అనే ఆయన సెల్ఫ్ రైజింగ్ పిండికి, అంటే పొంగించే పొడి ముందే కలిపిన పిండికి, పేటెంట్ తీసుకున్నాడు. ఆ పిండి వేసి, ఎండు పళ్లను టీలో నానబెట్టి చేసేదే ఇప్పటి టీ బ్రాక్. ఐర్లండ్ షాపుల్లో హాలోవీన్‌కి దొరికే గుండ్రటి బ్రాక్ మాత్రం సాధారణంగా ఈస్ట్‌దే, మెత్తగా బన్నులా ఉంటుంది. మీరు చూసిన రెసిపీల్లో ఒకటి ఈస్ట్ అంటే ఇంకొకటి వద్దనడానికి కారణం అదే. రెండూ సరైనవే, కానీ ఇంట్లో చేసుకోవడానికి నా ఓటు టీ బ్రాక్‌కే.

ఇక బారా బ్రిత్. టీ పద్ధతిలో చేసినప్పుడు రెండూ అన్నదమ్ముల్లాంటివే. వేల్స్‌లో మసాలా కాస్త ముందుకు తెలుస్తుంది, కొందరు వేడిగా ఉండగానే పైన తేనె పూస్తారు. ఐర్లండ్‌లో కొందరు టీలో కాస్త విస్కీ కలుపుతారు. పేరు చెప్పకుండా రెండు ముక్కలు ప్లేట్లో పెడితే ఏది ఏదో నేనైతే చెప్పలేను.

హాలోవీన్ బ్రాక్‌కి మాత్రం దానిదైన ముచ్చట ఒకటుంది. లోపల ఉంగరం, నాణెం, గుడ్డముక్క, బఠానీ గింజ, పుల్ల పెట్టేవారట. ఉంగరం వస్తే ఏడాదిలో పెళ్లి, నాణెం వస్తే డబ్బు, గుడ్డముక్క వస్తే పేదరికం, బఠానీ వస్తే ఆ ఏడు పెళ్లి లేనట్టే. పుల్ల వచ్చిందంటే కాపురం సుఖంగా సాగదని. ఇప్పుడు షాపు బ్రాక్‌లో ఉంగరం ఒక్కటే మిగిలింది, కాగితంలో చుట్టిన చవకరకం ఉంగరం. మా ఆఫీసులో బ్రాక్ కోస్తుంటే కత్తికి ఏదో తగిలి ఆగింది. కోస్తున్న పెద్దాయన ఆ ముక్కను చడీచప్పుడు లేకుండా పెళ్లికాని కుర్రాడి ప్లేట్లోకి తోసేశారు. అక్కడా పెళ్లి టెన్షన్ పెట్టే పెద్దలకు కొదవలేదు.

ఇప్పుడు అసలు విషయం. టీ బ్రాక్‌లో నూనె, వెన్న ఏవీ వేయం. రొట్టె లోపలి తడి అంతా నానిన పళ్లదే. అందుకే గంట నానబెట్టి సరిపెడితే టీ పళ్లలోకి పోకుండా గిన్నెలోనే ఉండిపోతుంది, పిండి జారుగా అవుతుంది, పళ్లు అడుగుకు దిగుతాయి, మధ్య భాగం ఉడకదు. మీ కష్టాల్లో సగానికి కారణం ఇదే అనుకుంటున్నాను.

రాత్రి కిస్‌మిస్, నల్ల ఎండుద్రాక్ష రెండూ కలిపి 350 గ్రాములు ఒక గిన్నెలో వేసి, 150 గ్రాముల బ్రౌన్ షుగర్ చల్లి, 300 మిల్లీలీటర్ల చిక్కటి టీ డికాక్షన్ వేడివేడిగా వడకట్టి పోయండి. పాలు వద్దు. ఐరిష్ బ్రేక్‌ఫాస్ట్ టీల్లో అస్సాం ఆకు బాగా పడుతుంది కాబట్టి మన దగ్గర దొరికే అస్సాం టీ పొడి చక్కగా సరిపోతుంది. టీలోని వగరే పళ్ల తీపిని అదుపులో పెడుతుంది, పలచటి టీ పోస్తే వట్టి తీపి మిగులుతుంది. టూటీ ఫ్రూటీ వేయకండి, అది తీపి తప్ప ఏమీ ఇవ్వదు. పొద్దున మూత తీసి చూస్తే ముడతలన్నీ విప్పుకుని ద్రాక్షలు ఉబ్బి ఉంటాయి, అడుగున కొద్దిగా నల్లటి పాకం లాంటి రసం ఉంటుంది. ఆ రసం పారబోయకండి, దానితో సహా కలపాలి.

అందులో గిలకొట్టిన గుడ్డు ఒకటి, 250 గ్రాముల మైదా, 3 టీస్పూన్ల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, దాల్చినచెక్క, జాజికాయ, లవంగం పొడి అన్నీ కలిపి ఒక టీస్పూను వేసి, పొడి పిండి కనబడనంత వరకే కలపండి. గరిటె నుంచి ధారగా కారకూడదు, ముద్దగా జారి పడాలి. మరీ గట్టిగా ఉంటే రెండు చెంచాల టీ పోయండి.

ఓటీజీని 160 డిగ్రీలకు ముందే వేడి చేసి, రొట్టె టిన్ను కింది అరలో పెట్టండి. పై రాడ్ దగ్గరగా ఉంటే చక్కెర త్వరగా నల్లబడుతుంది, మీకు పైన మాడుతున్నది అందుకే. 40 నిమిషాల తర్వాత పైన ఫాయిల్ కప్పేయండి. మొత్తం గంటంబావు దాకా పట్టొచ్చు. సన్నటి పుల్ల గుచ్చితే పచ్చి పిండి అంటకూడదు, ద్రాక్ష జిగురు అంటితే ఫర్వాలేదు.

దించగానే కోయకండి, పొడిపొడిగా విరిగిపోతుంది. పూర్తిగా చల్లారాక బటర్ పేపర్‌లో చుట్టి డబ్బాలో పెడితే మర్నాటికి ముక్క నీటుగా తెగుతుంది, రుచీ పెరుగుతుంది. దళసరిగా కోసి పైన వెన్న బాగా పట్టించండి. అక్కడ ఉప్పు వెన్నే రాస్తారు, మన అమూల్ వెన్నలో ఉప్పు ఎలాగూ ఉంటుంది కాబట్టి అది చాలు. మూడో రోజుకి ఇంకా మిగిలితే పెనం మీద కాస్త కాల్చుకోండి.