సీటు కింద ఇంజిన్ వేడి.. తొడల మీద మచ్చలు, కౌంట్ తక్కువ: ఏం చేయాలి?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది మిర్యాలగూడ. మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్‌గా పనిచేస్తున్నాను. రోజూ హాలియా, దేవరకొండ, నల్లగొండ వైపు వంద కిలోమీటర్లకు పైగా స్పోర్ట్స్ బైకు మీదే తిరుగుతాను. బండి కొన్నప్పటి నుంచీ సీటు కింద వేడి ఉంది, ఈ ఎండాకాలంలో మాత్రం అసలు కూర్చోలేకపోతున్నాను. రెండు తొడల లోపలి వైపు వల అల్లినట్టు గోధుమరంగు మచ్చలు పడ్డాయి. గజ్జల్లో దురదకు మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే తగ్గి, ఆపగానే మళ్లీ వస్తోంది. పెళ్లయి రెండేళ్లయినా పిల్లలు లేరు. పరీక్ష చేయిస్తే వీర్యకణాల కౌంట్ మిల్లీలీటరుకు 1.1 కోట్లు ఉందన్నారు. సైలెన్సర్ పైపుకు వేడి ఆపే గుడ్డ చుట్టిస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు, బండి అమ్మేయమని ఇంట్లోవాళ్లు అంటున్నారు. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీరు రాసిన మూడు ఇబ్బందులకూ వేడితో సంబంధం ఉంది, అయితే మూడింటికీ ఒకే స్థాయిలో లేదు. మచ్చలకు కారణం దాదాపుగా వేడే. దురదకు అసలు కారణం ఫంగస్, దానికి వేడీ చెమటా తోడయ్యాయి. కౌంట్ తగ్గడంలో వేడి పాత్ర ఉండవచ్చు గానీ, దాన్ని ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుంటే నయం చేయదగిన మరో కారణం కళ్లముందు నుంచే దాటిపోవచ్చు. బండి అమ్మాల్సిన అవసరం ఇప్పటికిప్పుడు నాకు కనిపించడం లేదు. పైపుకు గుడ్డ చుట్టించి ఊరుకోవడమూ సరికాదు.

ముందు మచ్చల సంగతి చూద్దాం. చురుక్కుమనేంత వేడి తగిలితేనే చర్మానికి హాని అని చాలామంది అనుకుంటారు. 60 డిగ్రీల వేడి కొద్ది సెకన్లలో చేసే గాయాన్నే, 44 డిగ్రీల వేడి ఒకేచోట ఆరు గంటల పాటు ఉంటే చేయగలదని మోరిట్జ్, హెన్రిక్స్ అనే పరిశోధకులు 1947లోనే ప్రయోగాలతో తేల్చారు. వేడి ఎంత అన్నది ఎంత ముఖ్యమో, ఎంతసేపు అన్నదీ అంతే ముఖ్యమన్నమాట. చర్మం బొబ్బలెక్కేంత కాకపోయినా, 43 నుంచి 47 డిగ్రీల మధ్య వేడి రోజూ ఒకే చోట తగులుతూ ఉంటే, చర్మం కింద ఉండే సన్నని రక్తనాళాల అల్లిక వెంట రంగు పేరుకుని, మీరు చెప్పినట్టే వల ఆకారంలో మచ్చ తేలుతుంది. దీన్ని ఎరిథీమా ఆబ్ ఇగ్నే అంటాం. చలికాలంలో కుంపటి ముందు కూర్చునే పెద్దవాళ్ల పిక్కల మీదా, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పనిచేసేవారి తొడల మీదా, నడుము నొప్పికి రోజూ వేడినీళ్ల సంచి పెట్టుకునేవారి వీపు మీదా ఇదే మచ్చ కనిపిస్తుంది.

ఇంట్లో మంచి వెలుతురులో చూసుకోండి. మచ్చ మీద వేలితో నొక్కి వదిలినప్పుడు ఎర్రదనం పోయి మళ్లీ వస్తుంటే అది తొలిదశ, నొక్కినా గోధుమరంగు అలాగే ఉంటే రంగు లోపల పేరుకుందని అర్థం. వేడి తగలడం ఆగిపోతే తొలిదశ మచ్చలు కొన్ని నెలల్లో వెలిసిపోతాయి, ముదిరినవి పూర్తిగా పోకపోవచ్చు. ఏళ్ల తరబడి వేడి తగులుతూనే ఉంటే, అరుదుగానైనా అదే చోట చర్మ క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి ఆ మచ్చల్లో ఎక్కడైనా గట్టి కణుపు గానీ, మానని పుండు గానీ కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. ఒకసారి షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి. షుగర్ ముదిరి నరాల స్పర్శ తగ్గినవారికి వేడి తెలియదు, కాలిన సంగతి బట్టలు విప్పినప్పుడే బయటపడుతుంది.

గజ్జల్లోది తామర అయి ఉండే అవకాశమే ఎక్కువ. దాని తీరు వేరు: అంచు కాస్త ఉబ్బి, ఎర్రగా పొట్టు రేగుతూ గుండ్రంగా పాకుతుంది, మధ్యభాగం మానినట్టు కనిపిస్తుంది, రాత్రిళ్లు దురద ఎక్కువవుతుంది. మీరు మందుల రంగంలోనే ఉన్నారు కాబట్టి ఆ ట్యూబు మీద ఉన్న పేర్లు ఒకసారి చదవండి. క్లోబెటసాల్, బీటామెథాసోన్ వంటి పేరు ఉంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. స్టెరాయిడ్ దురదను అణుస్తుంది, ఫంగస్‌ను మాత్రం లోలోపల పెంచుతుంది. అందుకే రాస్తే తగ్గడం, ఆపితే రెట్టింపై రావడం. గజ్జల చర్మం పలచన కాబట్టి ఈ క్రీములు ఎక్కువ కాలం రాస్తే అక్కడ చారలు కూడా పడతాయి. దాన్ని ఆపి చర్మవ్యాధి నిపుణులను కలవండి, నల్లగొండలో ప్రభుత్వ వైద్య కళాశాల ఆస్పత్రికైనా వెళ్లవచ్చు. నోటి మాత్రలు అవసరమా, ఎన్ని వారాలు అన్నది వారే చెప్పాలి. మందు మొదలయ్యాక దురద పోయిందని మధ్యలో మానవద్దు, మీ తువ్వాలు మరొకరు వాడకుండా చూసుకోండి.

ఇక కౌంట్ విషయం. వృషణాలు శరీరం లోపలి కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువ వేడిలో పనిచేస్తాయి, అందుకే ప్రకృతి వాటిని ఒంటికి వెలుపల ఉంచింది. తొడలు దగ్గరగా పెట్టి గంటల కొద్దీ కూర్చుంటేనే అక్కడ ఉష్ణోగ్రత పెరుగుతుంది. దానికి ట్యాంకును తొడలతో గట్టిగా పట్టుకుని ముందుకు వంగి కూర్చునే స్పోర్ట్స్ బైకు భంగిమ, కింద నుంచి ఇంజిన్ వేడి, బిగుతు జీన్స్ అన్నీ తోడైతే వీర్యకణాల ఉత్పత్తి దెబ్బతినే అవకాశం ఉంది. ఊరట ఏమిటంటే, ఈ రకమైన నష్టం చాలావరకు తిరిగి కోలుకునేదే. ఒక వీర్యకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు, ఆపై బయటికి రావడానికి మరో రెండు వారాల వరకు పడుతుంది కాబట్టి, ఈరోజు వేడి ఆపితే దాని ఫలితం మూడు నెలల తర్వాత చేసే పరీక్షలోనే తెలుస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్లు కనీస హద్దు. మీది దానికి తక్కువే గానీ, ఈ అంకెను చూసి పిల్లలు పుట్టరని నిర్ణయించుకోవద్దు. వీర్యకణాల సంఖ్య ఒకే మనిషిలో వారం వారం మారుతుంది, మొన్నీమధ్య జ్వరం వచ్చి ఉంటే దాని ప్రభావం కూడా ఉంటుంది. అందుకని ఒక్క పరీక్షతో ఆగకుండా, పరీక్షకు ముందు రెండు నుంచి ఏడు రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఉండి మరోసారి చేయించుకోవాలి. యూరాలజిస్టు చేత వేరికోసీల్ ఉందేమో తప్పక చూపించుకోండి. వృషణాల పైన సిరలు ఉబ్బి, ఎక్కువగా ఎడమ వైపు, నిలబడినప్పుడు బరువుగా లాగినట్టు ఉండే ఈ సమస్య మగవారిలో కౌంట్ తగ్గడానికి ముఖ్యమైన కారణాల్లో ఒకటి, చికిత్స కూడా ఉంది. సిగరెట్, గుట్కా ఉంటే మానేయాలి. జిమ్‌లో కండల కోసం టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకుని ఉంటే డాక్టరుకు దాచకుండా చెప్పండి, అవి వీర్యకణాల తయారీని దాదాపు ఆపేస్తాయి. మీతో పాటే మీ భార్యకూ పరీక్షలు జరగాలి.

ఇప్పుడు బండి దగ్గరికి వద్దాం. జబ్బుకు మూలం బండిలో ఉన్నప్పుడు దాని గురించి మాట్లాడకుండా ట్యూబు రాసిస్తే వైద్యం సగమే అవుతుంది. మీకు వేడి మూడు దారుల్లో వస్తుంది. రేడియేటర్ గుండా వచ్చిన వేడిగాలి పక్క డూమ్‌ల (బండి పక్కలను కప్పే తొడుగుల) లోపల నుంచి తొడల మీదికి కొడుతుంది. సైలెన్సర్ పైపు, అందులో పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ నిప్పుల సెగలా నేరుగా సెగ చిమ్ముతాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బండ్లలో ఈ కన్వర్టర్ పనిచేయాలంటేనే కొన్ని వందల డిగ్రీల వేడి ఉండాలి. ఇక మూడోది, చట్రం వేడెక్కి సీటుకు, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టుకు చేరేది. 1994లో వచ్చిన డుకాటి 916 లాగా సైలెన్సర్లు సీటు తోక కిందే ఉండే నమూనాల్లో వెనక కూర్చున్నవారికే ఎక్కువ సెగ తగులుతుంది.

మీ బండిలో ఏ దారి ముఖ్యమో మీరే కనిపెట్టవచ్చు. నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ లాంటి చోట ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఫ్యాన్ మోగగానే తొడలు మండి, దేవరకొండ రోడ్డెక్కి వేగం అందుకోగానే తగ్గిపోతే అది రేడియేటర్ గాలి. రోడ్డు మీద గాలి ఆడుతున్నా సీటు మాత్రం వేడిగానే ఉంటే అది పైపు సెగ. మొదటిదైతే కూలెంట్ మట్టం, ఫ్యాన్, రేడియేటర్ రెక్కల్లో చిక్కిన పురుగులు, దుమ్ము చూపించండి. రెక్కలు వంగిపోతాయి కాబట్టి వాటర్ సర్వీసింగ్ ధార దగ్గరగా కొట్టనివ్వవద్దు. కూలెంట్ తగ్గిందని బోరు నీళ్లు మాత్రం పోయించవద్దు. మన నల్లగొండ బోర్ల నీళ్లలో ఉండే లవణాలు రేడియేటర్ గొట్టాల లోపల తెల్లటి పొలుసుగా కట్టి, వేడిని ఇంకా పెంచుతాయి. బండి వేడిగా ఉండగా రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితిలోనూ తీయవద్దు. లోపల ఒత్తిడిలో ఉన్న కూలెంట్ ముఖం మీదికి చిమ్మి కళ్లు కాలిపోయే ప్రమాదం ఉంది.

మరో చిన్న విషయం చాలామంది చూడరు. ట్యాంకు కింద, ఇంజిన్ పైన వేడిగాలిని పక్కకు మళ్లించే రబ్బరు షీటు ఒకటి చాలా బండ్లలో ఉంటుంది. ట్యాంకు విప్పిన సర్వీసింగ్‌లో దాన్ని తిరిగి పెట్టడం మరిచిపోయినా, అంచులు మడతపడినా, ఆ గాలి అంతా సీటు ముందుభాగంలో నుంచి నేరుగా గజ్జల మీదికి వస్తుంది. సీటు, ట్యాంకు ఎత్తించి అది ఉందో లేదో మీ కళ్లతో చూడండి.

పైపు సెగ అయితే, సీటు అడుగు ప్లాస్టిక్‌కు అల్యూమినియం పూత ఉన్న ఫైబర్‌గ్లాస్ షీల్డు వేయించవచ్చు. మెరిసే వైపు పైపు దిక్కు ఉండాలి, పైపుకూ షీల్డుకూ మధ్య వేలెడు ఖాళీ ఉండాలి. ఖాళీ లేకుండా అంటిస్తే అది వేడిని ఆపదు, మోసుకొస్తుంది. వంటింటి ఫాయిల్, థర్మోకోల్, మామూలు ఫోమ్ అంటించే పనులు చేయించవద్దు, పెట్రోలు గొట్టానికి, వైర్లకు దగ్గరలో మంట పట్టే వస్తువు ఉండకూడదు. మీ మెకానిక్ చెప్పిన గుడ్డ చుట్టడం కొన్ని బండ్లలో సెగను నిజంగానే తగ్గిస్తుంది. కానీ వాన నీరు పీల్చుకుని పైపును తుప్పు పట్టిస్తుంది, వేడిని లోపలే బంధించి సెన్సర్‌ను దెబ్బతీయవచ్చు, దాని గాజు పీచు ఒంటికి తగిలితే వేరే దురద మొదలవుతుంది. అందుకే దాన్ని ఆఖరి మార్గంగానే చూడండి. కన్వర్టర్ తీసేయించడం చట్టవిరుద్ధం, దాని పొగ పీల్చేది మీరూ మీ వీధివాళ్లే.

పని పూర్తయ్యాక ఏసీ మెకానిక్‌ల దగ్గర ఉండే, తాకకుండానే వేడిని కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో, ఒక గంట ప్రయాణం తర్వాత సీటు పైభాగం కొలిపించండి. మెరిసే షీల్డు మీద గన్ తక్కువ అంకె చూపుతుంది కాబట్టి కొలత సీటు గుడ్డ మీదే తీయాలి. గంట తర్వాత కూడా 40 లోపే ఉంటే మంచిది, 43 దాటితే పని పూర్తి కానట్టే. ఈ కొలత పొద్దుటి పూట తీయండి, ఎందుకంటే మే నెలలో గాలే 44, 45 డిగ్రీలు ఉండి, ఎండలో నిలిపిన నల్ల సీటు ఇంజిన్ వేయకముందే కాలుతుంటుంది. ఆస్పత్రుల ముందు బండిని నీడన ఆపండి, నీడ దొరకకపోతే తెల్లటి గుడ్డ కప్పండి.

గాలి ఆడే జాలీ సీటు కవర్ వాడండి. జెల్ కవర్లు వేడిని దాచుకుని తర్వాత వదులుతాయి, తడి తువ్వాలు పరిస్తే గజ్జల్లో తేమ నిలిచి తామర ముదురుతుంది. లోపల వదులు నూలు బట్టలు, పైన కాస్త మందపాటి వదులు ప్యాంటు మంచిది. ప్రతి అరగంట, ముప్పావు గంటకు దిగి అయిదు నిమిషాలు నడవండి. సెలవు రోజున నల్లగొండ దాకా బస్సులో వెళ్లడం కూడా చికిత్సే. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగండి, మూత్రం ముదురు పసుపుగా వస్తే చాలడం లేదని గుర్తు, వేసవిలో కిడ్నీలో రాళ్లకు అదే దారి తీస్తుంది. మీ భార్య వెనక కూర్చుని పిక్క సైలెన్సర్‌కు తగిలి కాలితే టూత్‌పేస్టు, సిరా, ఐసు పెట్టకుండా 20 నిమిషాల పాటు చల్లటి ధార నీటి కింద ఉంచాలి.

బండి బాగుచేయించిన తేదీ రాసిపెట్టుకుని, అక్కడి నుంచి మూడు నెలలకు అదే ల్యాబులో రెండో పరీక్ష చేయించుకోండి. ఈలోగా వృషణాల్లో గడ్డలాంటిది తగిలినా, ఒక్కసారిగా తీవ్రమైన నొప్పి వచ్చినా మూడు నెలలు ఆగవద్దు, అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. రెండో పరీక్షలో కూడా కౌంట్ 1.6 కోట్లకు దిగువనే ఉంటే రెండు రిపోర్టులూ పట్టుకుని భార్యాభర్తలిద్దరూ కలిసి సంతాన సాఫల్య నిపుణులను కలవండి.