మలుపులో జీపు బిగుసుకుంటోందా?

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. చీనీ తోటకు పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపులో పోతాను. వానకు తడిసిన నల్లరేగడిలో 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే గేరులో) బ్రహ్మాండంగా లాగుతుంది. ఇంటికొచ్చి సిమెంటు వాకిట్లో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మాత్రం బ్రేకు పట్టినట్టు ఆగుతుంది, టైర్లు ఎగిరెగిరి పడతాయి. గేర్‌బాక్సు విప్పాలంటున్నాడు మెకానిక్. టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇప్పుడే విప్పనివ్వకండి. మీ జీపులాంటి పార్ట్‌టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ (రెండింటినీ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు. 4హెచ్ వేశాక ఇరుసులకు ఇంజిన్ బలాన్ని చేర్చే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులూ ఒకే వేగంతో తిరగాల్సిందే. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కన్నా ఎక్కువ దూరం పోవాలి. బురదలో టైరు కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. ఎండిన సిమెంటు మీద జారదు కదా, ఆ బలమంతా షాఫ్టుల్లో తడిబట్ట పిండినట్టు మెలిపడుతుంది.

తారురోడ్డు ఎక్కేముందే, వెనక చక్రాలకే బలం అందే 2హెచ్‌కు మార్చండి. లివర్ రాకపోతే గుంజొద్దు. సుత్తితో కొట్టేవాళ్లను కూడా చూశాను, ప్రాణం ఉసూరుమంటుంది. స్టీరింగ్ నేరుగా పెట్టి నాలుగు గజాలు రివర్స్ పోండి, చాలాసార్లు దానంతటదే వదులుతుంది.

4హెచ్‌లో తిన్నగా పోతున్నా బిగుస్తుంటే టైర్లు చూడండి. ముందు కొత్తవి, వెనక అరిగినవి ఉంటే చుట్టుకొలత తేడాకే ఈ బాధ వస్తుంది. 2హెచ్‌లో కూడా ఇలాగే పట్టేస్తే ట్రాన్స్‌ఫర్ కేసులో (రెండు ఇరుసులకూ బలం పంచే గేర్ల పెట్టెలో) ముందు ఇరుసు విడిపోవడం లేదేమో, అప్పుడు విప్పించండి. మలుపులో టకటకమని చప్పుడొస్తే ముందు ఇరుసు జాయింట్లు చూపించండి.