పాత విండోస్‌తో బిల్లింగ్ ఇంకెన్నాళ్లు?

ప్రశ్న: చిక్‌పేటలో మాది చీరల హోల్‌సేల్ కొట్టు. బిల్లింగ్ కంప్యూటర్‌లో విండోస్ 7 ఉంది. బాగానే నడుస్తోంది. ఇప్పుడే మార్చాలా సార్?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: నడవడం వేరు, భద్రంగా ఉండడం వేరండీ. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్, అంటే భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం, 2020 జనవరి 14నే ఆగిపోయింది. 2017 మేలో వానాక్రై అనే హానికర సాఫ్ట్‌వేర్ విండోస్‌లోని ఒక లోపం గుండా చొరబడి, ప్రపంచమంతటా ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆ లోపానికి అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. మీకైతే వేసుకుందామన్నా ఇప్పుడు అప్‌డేటే రాదు.

నేను ఎస్పీ రోడ్డులో రిపేర్లు చేసే రోజుల్లో ఒక వ్యాపారి ఇలాగే లాక్ అయిన కంప్యూటర్ తెచ్చాడు. మూడేళ్ల బాకీల లెక్కలు అందులోనే ఉన్నాయి. బ్యాకప్ డ్రైవ్‌ను కూడా ఎప్పుడూ దానికే తగిలించి ఉంచాడు, అదీ పోయింది. ఆయన ముఖం నాకింకా గుర్తుంది.

ఈ ఆదివారమే మీ లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ అయితే, దాని డేటా బయటి డ్రైవ్‌లోకి కాపీ చేసి, దాన్ని ఊడదీసి ఇంట్లో పెట్టండి. విండోస్ 10 వద్దు, దాని సపోర్ట్ కూడా 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కంప్యూటర్‌లో ఉండాలి. అంత పాత మెషీన్‌లో అది ఉండకపోవచ్చు, కొత్తది కొనక తప్పదు. కొనేముందు మీ బిల్లు ప్రింటర్ దాంతో పనిచేస్తుందో లేదో షాపులోనే చూపించమనండి.